ఎడమచేతి సాక్ష్యం

కుట్టుపని కార్ఖానాలో ఆవిడను అందరూ మాస్టరమ్మ అనేవారు. బడిపిల్లల యూనిఫారాలు, నర్సుల కోట్లు, హోటలు కుర్రాళ్ల చొక్కాలు కుట్టే చోటు అది. హాల్లో ముప్పై మిషన్లు ఒకేసారి మోగుతుంటే, పక్కగదిలో పొడవాటి బల్ల ముందు మాస్టరమ్మ నిలబడి గుడ్డ కోసేది. ఇరవై ఆరేళ్లుగా ఆ బల్ల ఆవిడదే. పని తేలికని చెప్పడానికి జనం 'ఎడమచేత్తో చేసేస్తాను' అని మాటవరసకు అంటుంటారు. మాస్టరమ్మ నిజంగానే ఎడమచేత్తో చేసేది. చిన్నప్పుడు బళ్లో టీచరు స్కేలు పుచ్చుకుని వేళ్లమీద కొట్టి కొట్టి రాతను కుడిచేతికి మార్పించింది గానీ, కత్తెర మాత్రం ఎడమచేతిని వదల్లేదు.

చేయి తిరిగిన మనిషని ఊరంతా ఒప్పుకునేది. నేర్పే మనిషి కాదని కూడా ఒప్పుకునేది. ఎవరైనా వచ్చి పక్కన నిలబడితే చాలు, ఆవిడ కాస్త పక్కకు తిరిగేది. చూసేవాళ్లకు వీపు తప్ప ఇంకేమీ కనబడేది కాదు. అడిగితే, చూసి నేర్చుకోవాలి, నేనూ అలాగే నేర్చుకున్నాను అనేది. వీపు చూసి ఏం నేర్చుకుంటారమ్మా అని ఇస్త్రీ చేసే పెద్దాయన ఒకసారి అడిగితే వారం రోజులు ఆయనతో మాట్లాడలేదు.

ఆవిడ బల్లమీద గుడ్డ పరిచే మనిషి పేరు రికార్డుల్లో ఏదో ఉంది గానీ అందరికీ ఆమె పిట్ట. ముప్పై ఎనిమిదేళ్లు. గుప్పెడు మనిషి, అడుగు వేస్తే చప్పుడు ఉండేది కాదు. గుడ్డ తాను విప్పి, బల్ల ఈ చివరి నుంచి ఆ చివరికి, మళ్లీ ఆ చివరి నుంచి ఈ చివరికి తిరుగుతూ పొరమీద పొర పరిచేది. నలభై పొరలు పరిచాక అంచులు నాలుగువైపులా గోడ కట్టినట్టు నిలబడేవి. తొమ్మిదేళ్లలో మాస్టరమ్మ ఆమెను మెచ్చుకోలేదు, వంక పెట్టనూలేదు. వంక పెట్టకపోవడమే మెప్పుదల అని పిట్ట సర్దుకుంది.

ఆ తొమ్మిదేళ్ల తర్వాత బూడిదరంగు గుడ్డ వచ్చింది. చొక్కాల ఆర్డరు. నలభై పొరలు పరిచారు, మాస్టరమ్మ కటింగ్ మిషను నడిపింది, కోసినవి హాల్లోకి వెళ్లాయి. గంటలో కుట్టేవాళ్లు తిరిగి తెచ్చి బల్లమీద పడేశారు. చంక దగ్గర గుండ్రంగా రావాల్సిన కోత అంగుళమున్నర లోపలికి పోయింది. ఒక్క చొక్కా కూడా పనికిరాదు. యజమాని వచ్చి, మొహం మాడ్చుకుని, ఎవరి తప్పు అని అడిగాడు. పొరలు జారి ఉంటాయి, పరవడంలో పొరపాటు అని మాస్టరమ్మ చెప్పింది. చెప్పడానికి ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. తన చెయ్యి తప్పు చేస్తుందన్న ఊహే ఆవిడకు ఎప్పుడూ రాలేదు మరి.

పిట్ట అప్పుడు ఒకే ఒక్క మాట అంది. "పై పొర కూడా పోయింది కదమ్మా."

మాస్టరమ్మ ఆ మాట విననట్టు సుద్ద దులుపుకుంది. పనిచేతకాని మనిషిని ఇంకా ఎన్నాళ్లు మోస్తాం అని యజమానితో అంది. సాయంత్రానికి పిట్టను పంపించేశారు.

పందొమ్మిది రోజుల తర్వాత, ఉదయం టీ తాగిన గ్లాసు కడుగుతుండగా మాస్టరమ్మ చేతిలోంచి అది జారి సింకులో పగిలింది. ఎవరది, గ్లాసు పగలగొట్టింది అని ఆవిడ కేకేసింది. ఇంట్లో ఎవరూ లేరు. భర్త బడి వ్యాను నడుపుతాడు. పిల్లల్ని దింపి అరగంటలో తిరిగొచ్చేసరికి భార్య వంటింటి గుమ్మంలో పక్కకు ఒరిగిపోయి ఉంది. మూతి ఒకవైపు జారింది. ఖాళీ వ్యానులో పిల్లల సీట్ల మధ్య పడుకోబెట్టి ఆసుపత్రికి తీసుకుపోయాడు.

పక్షవాతం అన్నారు. పన్నెండు రోజులకు ఇంటికి పంపారు. మూతి సర్దుకుంది, కాలు ఈడుస్తూనే అయినా నడక వచ్చింది. ఎడమచెయ్యి మాత్రం రాలేదు. భుజానికి తగిలించిన ఖాళీ సంచీలా వేలాడింది. చూడ్డానికి వచ్చినవాళ్లతో మాస్టరమ్మ నవ్వుతూనే చెప్పేది, జీవితంలో చాలామంది చెయ్యిచ్చారు గానీ నా చెయ్యే నాకు చెయ్యిస్తుందనుకోలేదని. వాళ్లు నవ్వి వెళ్లిపోయాక గోడవైపు తిరిగి పడుకునేది.

కూతురు మందుల షాపులో పనిచేస్తుంది. ఆ పిల్లే వాకబు చేసి, అమ్మను ఆసుపత్రి రెండో అంతస్తులో చేతులకు కసరత్తు చేయించే గదికి తీసుకెళ్లింది. అక్కడ చూసే యువకుణ్ణి అందరూ అద్దాల డాక్టరు అంటారు. నేను డాక్టర్ని కాదండీ, థెరపిస్టుని అని అతను చెబుతూనే ఉంటాడు, ఎవరూ వినిపించుకోరు. ఆకుపచ్చ రెక్సిను వేసిన బల్ల, దానిమీద నిలువుగా నిలబెట్టిన అద్దం. పడిపోయిన చేతిని అద్దం వెనక పెట్టాలి, బాగున్న చేతిని ముందు పెట్టాలి. బాగున్న చెయ్యి కదిలితే అద్దంలో రెండో చెయ్యి కదిలినట్టు కనబడుతుంది. కన్ను చూసింది మెదడు నమ్ముతుందమ్మా, నమ్మి నమ్మి తెగిపోయిన దారుల పక్కన కొత్త దారి వేసుకుంటుంది, అందరికీ ఒకేలా పనిచెయ్యదు, కానీ ప్రయత్నిద్దాం అని అతను వివరించాడు.

మాస్టరమ్మ కూర్చుంది. కుడిచెయ్యి విప్పి మూసింది. అద్దంలో ఎడమచెయ్యి విప్పి మూసింది. అయిదు వారాలుగా చచ్చినట్టు పడి ఉన్నది ఎదురుగా వేళ్లు ఆడిస్తోంది. కూతురి చీర కొంగు పట్టుకుంది.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. అలవాటైన పని అయితే ఇంకా మంచిదని అతను ఆవిడ కుడిచేతికి సుద్దముక్క ఇచ్చి గుండ్రంగా ఒక గీత గియ్యమన్నాడు. గీసింది. అద్దంలో తన ఎడమచెయ్యి వంకరటింకరగా, వణుకుతూ, అ ఆలు దిద్దే పిల్లలా గీసింది. ఆవిడ కుడిచేతికి రాత వచ్చుగానీ ఆ విద్య ఎప్పుడూ రాదు. కానీ కళ్లముందు కనబడింది ఎడమచెయ్యి. ఇరవై ఆరేళ్ల పనితనం ఒక్క గీతలో మంటగలిసిపోవడం చూసినట్టయింది. ఆవిడ సుద్ద విసిరేసింది. ఇది నా చెయ్యి కాదు, ఎవరిదో తెచ్చి నాకు అంటగడుతున్నారు అంది.

మరొకరైతే సర్దిచెప్పి మళ్లీ మొదలుపెట్టించేవారు. ఆ అబ్బాయి అద్దం తీసి పక్కన పెట్టేశాడు. చాలామందికి కుడిచెయ్యి గొప్పది, ఎడమది దాని తోడు. మీకు తలకిందులు, మిమ్మల్ని మోసం చెయ్యడం అద్దం వల్ల కాదు అన్నాడు. ఇంకో దారి ఉందన్నాడు. చెయ్యి పనిచేస్తున్న వీడియో కాసేపు చూడాలి, వెంటనే అదే పని చెయ్యడానికి ప్రయత్నించాలి. తన దగ్గరున్నవి చూపించాడు. ఎవరో మగమనిషి చెయ్యి, మణికట్టు దాకా వెంట్రుకలు, కప్పు ఎత్తుతోంది, తువ్వాలు మడుస్తోంది. ఈయన తువ్వాలు మడిచే తీరు చూస్తే ఉన్న చెయ్యి కూడా పడిపోయేలా ఉంది అంది మాస్టరమ్మ. అతను గట్టిగా నవ్వి, మీ చెయ్యి పనిచేస్తున్నప్పుడు తీసిన వీడియో ఏదైనా ఉందా, పెళ్లిలోదైనా సరే అని అడిగాడు. ఎక్కడిది? బల్లదగ్గర ఎవర్నీ నిలబడనివ్వని మనిషికి వీడియో ఎవరు తీస్తారు?

నాలుగు రోజుల తర్వాత కూతురు ఫోన్లో పద్నాలుగు వీడియోలు తెచ్చింది. ఎక్కడివే అంటే, ముందు చూడమ్మా అంది.

చూసింది. పైనుంచి తీసినవి. పొడవాటి బల్ల, దానిమీద గుడ్డ, గుడ్డమీద ఎడమచెయ్యి. కత్తెర వెళ్తోంది. పదునైన పడవ నీళ్లను చీల్చుకుంటూ పోయినట్టు, ఎక్కడా ఆగకుండా, ఎక్కడా తొందరపడకుండా. మలుపు దగ్గర మణికట్టు ఒక్క పిసరు వంగి మళ్లీ నిటారు అయింది. మాస్టరమ్మ నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయింది. ఇన్నేళ్లూ ఆవిడ గీతను చూసింది, గుడ్డను చూసింది. చేతిని ఎప్పుడూ చూడలేదు. ఇంత బాగుంటుందా అని అడిగింది, అదేదో వేరొకరి సంగతి అయినట్టు.

కానీ ఆ వెంటనే ఇంకోటి తట్టింది. ఈ కోణం బల్లకు పైనున్న దారపు ఉండల అరమీది నుంచి వస్తుంది. ఎవరో అక్కడ ఫోను దాచి తీశారు. ఒకసారి కాదు, పద్నాలుగు సార్లు. వీపు తిప్పి దాచుకున్నదంతా నెత్తిమీదనుంచి దోచుకున్నారు. ఎవరా దొంగ అని ఆవిడ కుర్చీలోంచి లేవబోయింది. థెరపిస్టు వంగి ఆవిడ ఒడివైపు చూపించాడు. ఎడమచేతి బొటనవేలు, ఎవరూ అడగకుండానే, చూపుడువేలి వైపు ఒక గింజంత కదిలింది. తిరిగి పడిపోయింది.

"దొంగైనా దొరైనా, ఆ మనిషికి దండం పెట్టుకోండమ్మా" అన్నాడతను. "రోజూ చూద్దాం."

రోజూ చూశారు. ఒక్కో వీడియో ఆరు నిమిషాలు, తర్వాత అదే కదలిక కోసం పావుగంట ప్రయత్నం. తొమ్మిదో రోజుకు బొటనవేలు చెప్పినమాట వింది. రెండు వారాలకు నాలుగువేళ్లూ కాస్త తెరుచుకున్నాయి. సుద్దముక్క పెడితే నిలిచేది కాదుగానీ పెట్టింది మాత్రం తెలిసేది. భర్త మధ్యాహ్నం ట్రిప్పుకు ముందు వ్యాను ఆసుపత్రి ముందు ఆపి, పైకొచ్చి, భార్య వేళ్లు తెరవడం చూసి, మళ్లీ దిగిపోయేవాడు. మెట్లమీద కళ్లు తుడుచుకునేవాడని కూతురు చెప్పింది.

తేదీల వరస చూడకుండా పెట్టుకున్న వాటిలో పదకొండో వీడియో వంతు ఒక బుధవారం పొద్దున వచ్చింది. తెరమీద బూడిదరంగు గుడ్డ కనబడగానే మాస్టరమ్మ కనుబొమ్మలు ముడిపడ్డాయి. ఈ గుడ్డ నాకు తెలుసు అంది. కటింగ్ మిషను పిడి ఎడమచేతిలో ఉంది, కుడిచెయ్యి గుడ్డను అదిమి పట్టింది. గొంతు వినబడుతోంది, తన గొంతే, హాల్లో ఎవరో మిషనుకు నూనె వెయ్యలేదని తిడుతోంది. కత్తి గీతమీదే పోతోంది. చంక మలుపు వచ్చింది.

అక్కడ వేళ్లు వదులయ్యాయి.

ఏదీ తగల్లేదు, ఎవరూ తొయ్యలేదు. పిడిమీద నుంచి వేళ్లు ఒక్కొక్కటే జారాయి, మిషను తన బరువుకు తానే లోపలికి తిరిగి గుడ్డను కోసుకుంటూ పోయి ఆగింది. ఎడమచెయ్యి గుడ్డమీద వెల్లకిలా పడింది. వింత ఏమిటంటే గొంతు ఆగలేదు. నూనె గురించి తిడుతూనే ఉంది, కాకపోతే మాటలు ముద్దముద్దగా వస్తున్నాయి. చెయ్యి పడిపోయిందని ఆ గొంతుకు తెలియనే తెలియదు. తెరమూల అంకెలు కదులుతున్నాయి. పది సెకన్లు, ఇరవై, నలభై. అప్పుడు పక్కనుంచి సన్నటి గొంతు వినబడింది.

"అమ్మా, చెయ్యి నొప్పిగా ఉందా? కూర్చుంటారా?"

"నీ పని నువ్వు చూసుకో" అంది తెరలోని మాస్టరమ్మ.

ఇంకొంచెం సేపటికి వేళ్లు కదిలాయి, పిడి పట్టుకున్నాయి, ఏమీ జరగనట్టు కోత సాగిపోయింది.

ఇందులో ఒక్క ముక్క కూడా కుర్చీలో కూర్చున్న మాస్టరమ్మకు గుర్తులేదు. చెయ్యి పడిపోయింది లేదు, పిట్ట అడిగింది లేదు, తను కసిరింది లేదు. గుర్తున్నదల్లా పాడైన గుడ్డ, యజమాని మొహం. మళ్లీ పెట్టమంది. అతను పెట్టాడు. మూడోసారి పెట్టమంది. అతను వద్దని ఫోను చేతిలోకి తీసుకుని, ఇది ఏ తేదీన తీసిందని కూతుర్ని అడిగాడు. తేదీ విని వేళ్లమీద రోజులు లెక్కపెట్టాడు.

"ఇది పెద్ద పక్షవాతానికి ముందొచ్చే చిన్నదమ్మా. కాసేపు పట్టి వదిలేస్తుంది. వచ్చినట్టు మనిషికి తెలియకపోవచ్చు కూడా" అన్నాడు. "ఆ రోజే వచ్చుంటే మందులు మొదలుపెట్టేవాళ్లం. పెద్దది కచ్చితంగా ఆగేదని చెప్పలేను. ఆగే అవకాశం మాత్రం ఉండేది."

అప్పుడు మాస్టరమ్మకు పిట్ట అన్న ఒక్క మాటా చెంపమీద కొట్టినట్టు వినబడింది. పై పొర కూడా పోయింది కదమ్మా. పొరలు జారితే కింది పొరలు పాడవుతాయి, పైది బాగుంటుంది. ఎందుకంటే కోసే మనిషి పైపొర మీది గీతను చూసే కోస్తుంది. నలభై పొరలూ ఒకేలా పోయాయంటే అది పరిచిన మనిషి తప్పు కానే కాదు. కోసిన చేతిదే. ఇది మొదటి నెల పనిలో చేరినవాళ్లకు కూడా తెలిసే లెక్క. ఊళ్లో అందరికంటే బాగా తెలిసిన మనిషి తను. పక్కనే పడి ఉన్న పై పొరను వంగి చూడలేదు.

ఈ వీడియోలు పిట్టవి కదూ అని అడిగింది. కూతురు తలదించుకుని అవునంది. పిట్ట ఫోన్లో ఉంటాయని ఇస్త్రీ పెద్దాయన చెబితే తను వెళ్లి అడిగిందట. పిట్ట ఇంట్లో తీరిక దొరికినప్పుడు చూసి కోత నేర్చుకుందామని తీసుకునేదట. పంపించేసిన మర్నాడు ఈ పదకొండోది చూసి హడలిపోయిందట.

"నీకు ఫోన్ చేసిందంటమ్మా. మూడుసార్లు."

చేసింది. అది మాత్రం మాస్టరమ్మకు బాగా గుర్తుంది. రెండుసార్లు నంబరు చూసి కట్ చేసింది. మూడోసారి ఎత్తింది. అవతలి నుంచి పిట్ట, అమ్మా, మీ చెయ్యి అనబోయింది, అంతే. ఇందులో మీ చెయ్యి ఉంది, నా పని పోగొట్టింది మీరే అనబోతోందని మాస్టరమ్మ అనుకుంది. పని కావాలంటే ఓనరు కాళ్లు పట్టుకో, నాకు ఫోన్ చెయ్యకు అని పెట్టేసింది. తర్వాత ఆ నంబరు రాకుండా చేసెయ్యమని భర్తకు ఇచ్చింది. ఆయన అలాగే చేశాడు.

ఇది విన్నాక ఆవిడ ఆ రోజు కసరత్తు చెయ్యలేదు. ఇంటికీ వెళ్లనంది. కింద వ్యానులో కూర్చున్న భర్తకు జరిగింది చెబితే, ఆయన స్టీరింగు మీద రెండుచేతులూ పెట్టాడు. నంబరు ఆపింది నేనే కదా అన్నాడు. ఆపమంది నేను అని ఆవిడ చెప్పింది. ముందు కార్ఖానాకు పోనివ్వండి అంది.

యజమాని ఆవిడను చూసి కుర్చీ వేయించాడు, టీ తెప్పించాడు. జరిగింది విని, అయిపోయిన సంగతి ఎందుకమ్మా, ఆరోగ్యం చూసుకోండి అన్నాడు. ఆవిడ కూర్చోలేదు. మిషన్లు ఆపించమంది. ఆయన నసిగితే తనే కాలు ఈడ్చుకుంటూ హాల్లోకి వెళ్లి, మెయిన్ స్విచ్ కిందికి లాగింది. ముప్పై మిషన్లూ ఒక్కసారి ఆగేసరికి అందరూ తలలెత్తారు. ఆ నిశ్శబ్దం ఆవిడకు కొత్త.

"బూడిదరంగు చొక్కాలు పాడుచేసింది నేను" అంది. "పిట్ట కాదు. నా చెయ్యి పడిపోయింది, నాకు తెలియలేదు. ఆ అమ్మాయి చెబితే నేను వినలేదు."

ఇస్త్రీ పెద్దాయన, మాకు తెలుసు మాస్టరమ్మా అన్నాడు. పై పొర చూసినవాళ్లందరికీ తెలుసట. ఎవరూ నోరు విప్పలేదట. మీతో చెప్పేదెవరు అన్నాడాయన, నిష్ఠూరంగా కాదు, మామూలుగా. ఆ రోజు తగిలిన దెబ్బలన్నిట్లో అదే లోతుగా దిగిందని ఆవిడ తర్వాత కూతురితో చెప్పుకుంది.

పిట్ట ఇప్పుడు కర్టెన్లు కుట్టే షాపులో ఉంది. ఇరుకు సందులో, సైకిళ్లు బాగుచేసే కొట్టు పక్కన. కార్ఖానా నుంచి నేరుగా అక్కడికే వచ్చి, భర్త చెయ్యందిస్తే మాస్టరమ్మ మూడు మెట్లెక్కి గుమ్మంలో నిలబడింది. లోపల పిట్ట గుడ్డ పరచడం లేదు, కోస్తోంది. వంగి, కత్తెరను కుడిచేత్తో పట్టుకుని, ఎక్కడా ఆగకుండా పోతోంది. మలుపు దగ్గర మణికట్టు ఒక్క పిసరు వంగి నిటారు అయింది. మాస్టరమ్మ గుమ్మం చెక్క పట్టుకుంది. ఆవిడ చెయ్యే అది. వేరే మనిషి భుజానికి, వేరే వైపు.

పిట్ట తలెత్తి చూసింది. కత్తెర ఆపింది గానీ దగ్గరకు రాలేదు. రండి అనలేదు. చేతిని చూసింది, ముందు అదే చూసింది, ఎలా ఉందని అడిగింది. వేళ్లు తెరుచుకుంటున్నాయి, నీ వీడియోలు చూసే తెరుచుకున్నాయి అని మాస్టరమ్మ చెప్పింది. కార్ఖానాలో అందరిముందూ చెప్పి వచ్చాను, ఓనరు మళ్లీ రమ్మంటున్నాడు అంది.

పిట్ట రానంది. ఇక్కడ కోతపని ఇచ్చారు, అక్కడికొస్తే మళ్లీ గుడ్డ పరచాలి అంది. ఆ వీడియో ఓనరుకి ఎందుకు చూపించలేదని మాస్టరమ్మ అడిగింది. చూపిస్తే దొంగచాటుగా తీశానని తనను తిడతారన్న భయం కొంత, జబ్బుమనిషని మిమ్మల్ని పంపించేస్తారన్న భయం కొంత అని పిట్ట దాచకుండా చెప్పింది. ముందు మీకు చెబుదామనుకున్నాను, మీరు ఫోన్ పెట్టేశారు అంది.

"తప్పయిపోయింది పిట్టా."

"అయిపోయింది" అంది పిట్ట. "పని పోయినందుకు కాదమ్మా. తొమ్మిదేళ్లు నా అంచులు చూసి కూడా పనిచేతకానిదని అన్నారు చూడండి, అది ఇంకా పోలేదు నాలోంచి. పోతే చెబుతాను."

మాస్టరమ్మ తలూపింది. వెనక్కి తిరగబోయి, ఉండబట్టలేక, బల్లవైపు చూపించి ఆ చిటికెనవేలు ఎందుకలా గాల్లోకి లేపుతున్నావని అడిగింది. పిట్ట తన వేలు తను చూసుకుంది. మీరు లేపుతారు కదా, వీడియోను కుడిఎడమలు మార్చుకుని మరీ చూసి నేర్చుకున్నాను, మలుపు తిరగడానికి అదే కిటుకనుకున్నాను అంది.

"నా బొంద కిటుకు. ఆ వేల్లో మిషను సూది దిగింది ఎప్పుడో. అప్పట్నుంచీ అది వంగదు."

పిట్ట ఆవిడ మొహంలోకి, తన వేలివైపు మార్చి మార్చి చూసింది. రెండేళ్లుగా కష్టపడి అలవాటు చేసుకున్నానే అంటూ నవ్వడం మొదలుపెట్టింది. ఎంత ఆపుకున్నా ఆగలేదు. మాస్టరమ్మకూ నవ్వొచ్చింది, నవ్వుతూ నవ్వుతూ ఏడ్చింది కూడా. గుమ్మం బయట భర్త, లోపల ఏమవుతోందో అర్థంకాక, సైకిలు కొట్టువాడితో టైర్ల సంగతి మాట్లాడుతూ నిలబడ్డాడు. నవ్వు తగ్గాక పిట్ట మొహం మళ్లీ బిగుసుకుంది. కోపం ఇంకా ఉందమ్మా అని చెప్పింది. ఉండనీ అంది మాస్టరమ్మ. వేలు దించి కొయ్యి, తేలిగ్గా పోతుంది అని చెప్పి మెట్లు దిగింది. ఆవిడ ఒకరికి పని నేర్పడం అదే మొదలు.

ఆ తర్వాత చెయ్యి పూర్తిగా రాలేదు. అద్దాల డాక్టరు మొదట్నుంచీ అంత ఆశ పెట్టలేదు, పెట్టనందుకు ఆవిడ అతన్ని మెచ్చుకుంది. పదినెలలకు వేళ్లు తెరుచుకుని మూసుకుంటున్నాయి, గుడ్డను బల్లకేసి అదిమి పట్టగలవు, సుద్ద పట్టుకుంటే రెండు జానల గీత వస్తుంది. కత్తెర రాదు. కుడిచెయ్యి మాస్టరు, ఎడమది అసిస్టెంటు అని ఆవిడ చెబుతుంది. కార్ఖానాలో కోతకు వేరే మనిషి వచ్చాడు. ఆవిడ వారానికి మూడురోజులు వెళ్లి అతని పక్కన స్టూలు వేసుకుని కూర్చుంటుంది, అతను ఎటు తిరిగి కోస్తాడో అటువైపు.

పిట్ట కర్టెన్ల షాపులోనే ఉండిపోయింది. థెరపిస్టు ఆమెను కలిసి, పనిచేసే చేతులను పైనుంచి ఎలా తీస్తావో నాకూ చూపించమని అడిగాడు. సెలవురోజుల్లో ఆమె ఫోను పట్టుకుని వడ్రంగి దగ్గరికి, క్షవరం చేసే ఆయన దగ్గరికి, చపాతీలు వత్తే ఆవిడ దగ్గరికి వెళ్తోంది, ఈసారి వాళ్లను అడిగే తీస్తోంది. ఆ గదిలో ఇప్పుడు వెంట్రుకల చెయ్యి తువ్వాలు మడిచే వీడియో ఎవరూ చూడటం లేదు. పోయిన నెల ఒకరోజు మాస్టరమ్మ కసరత్తు ముగించి లేస్తుంటే పిట్ట కొత్త వీడియోలు ఇవ్వడానికి వచ్చింది. ఇద్దరూ కలిసి మెట్లు దిగారు. కోపం పోయిందా అని మాస్టరమ్మ అడగలేదు, పిట్ట చెప్పలేదు. చివరి మెట్టు దగ్గర మాత్రం, అది కాస్త ఎత్తుగా ఉంటుందని, పిట్ట ఆవిడ ఎడమచెయ్యి పట్టుకుంది.